రేకు మీద సగం అంకె

దేవమ్మ ఆ హారం తీసిందా, తీయలేదా?

ఇన్‌స్పెక్టర్ బసవపున్నయ్యను పదమూడేళ్లుగా వదలని అనుమానం అది. పొద్దున దీపం వెలిగించి కళ్లు మూసుకుంటే, కొన్ని రోజులు దేవుడికన్నా ముందు ఆవిడ ముఖమే కనిపించేది.

2012లో ఆయన ఎస్సై. జూబ్లీ హిల్స్‌లో ఒక నిర్మాత ఇంట్లో కెంపుల హారం పోయింది. హారం నిర్మాత భార్య లీలాకుమారిది. ఒకప్పటి నటి. ఇంట్లో అందరూ వంటమనిషి దేవమ్మనే చూపించారు. రెండు రోజులు పొద్దున్నుంచి సాయంత్రం దాకా స్టేషన్‌లో కూర్చోబెట్టి అడిగాడు.

ఆవిడ ఒకటే మాట చెప్పింది. "నేను తీయలే."

హారం దొరకలేదు. తీసిందని తేలలేదు. తీయలేదనీ తేలలేదు. ఆవిణ్ణి ఇంటికి పంపేశాడు.

ఈ ఏడాది జులై 21, సోమవారం. ఉదయం 9.40కి కానిస్టేబుల్ ఫోన్ చేశాడు.

"ఫిల్మ్ నగర్‌లో దొంగతనం సార్. పాత కార్లు బాగుచేసే షెడ్డు."

"ఏం పోయింది?"

అవతల కాస్త తటపటాయింపు.

"తుప్పు పట్టిన రేకు సార్."

*

10.15కి షెడ్డు చేరాడు. మధ్యలో ఒక పాత ఫియట్. రంగు గీకేశారు. ఎడమ వైపు తలుపు కింద, ముందు చక్రం దగ్గర నుంచి వెనక చక్రం దాకా పొడవునా ఉండాల్సిన పెట్టెలాంటి రేకు లేదు. మధ్య భాగమంతా కోసి తీసుకుపోయారు. రెండు కొసలు మాత్రం మిగిలాయి.

కారు పక్కన కుర్చీలో తెల్లచీరలో ఒక పెద్దావిడ. ఆయన గుర్తుపట్టాడు. లీలాకుమారి. డెబ్బై దాటినా వెన్ను నిటారుగానే ఉంది. వెనక ఆమె తమ్ముడు వేంకటరమణ నిలబడ్డాడు. వాళ్ల కంపెనీ ప్రొడక్షన్ మేనేజర్.

"మావారు కొన్న మొదటి కారు ఇన్‌స్పెక్టర్ గారూ," అంది. "వచ్చే నెల ఆయన విగ్రహం పెడుతున్నాం. ఆ రోజు ఈ కారులోనే దిగాలని నా కోరిక. ఇప్పుడు చూడండి, నడుము విరగ్గొట్టాడు."

"ఎవరు?"

ఆమె గోడ వైపు వేలు చూపింది. అక్కడ కానిస్టేబుల్ పక్కన యాభై అయిదేళ్ల మనిషి నిలబడి ఉన్నాడు. చేతుల నిండా పాత కాలిన మచ్చలు.

"ఇక్కడ కార్ల రేకుపని చేసే టింకర్. బాలనర్సయ్య. వీడెవడో ఇవాళ పొద్దునే తెలిసింది నాకు. దేవమ్మ మొగుడు."

బసవపున్నయ్య ఆ మచ్చల చేతుల వైపు మరోసారి చూశాడు.

"పగతో చేశాడండీ," అన్నాడు వేంకటరమణ. "పెళ్లాన్ని దొంగ అన్నామని మా బావగారి కారు మీద తీర్చుకున్నాడు. సాయంత్రానికి లోపలెయ్యకపోతే అక్కయ్య పైవాళ్లకి ఫోన్ చేస్తుంది."

"చేశాను కూడా," అంది లీలాకుమారి.

షెడ్డు యజమాని సాయిశ్రీనివాస్ ముందుకొచ్చాడు. ముప్పై అయిదేళ్లుంటాయి. ముఖం పాలిపోయింది.

"శనివారం ఎన్నింటికి మూశారు?"

"ఏడింటికి సర్. మెయిన్ స్విచ్ ఆఫ్ చేసి నేనే తాళం వేశాను. నిన్న బోనాలు కదా, ఎవరూ రాలేదు. ఇవాళ ఎనిమిదిన్నరకి తీస్తే ఇదీ పరిస్థితి. తాళం వేసినట్టే ఉంది."

"స్విచ్?"

"ఆఫ్‌లోనే ఉంది సర్."

అంటే దొంగ ఇనుము కోసే బ్యాటరీ గ్రైండర్ తెచ్చుకున్నాడు. బసవపున్నయ్య బయటి నుంచి వెనక గోడ దగ్గరికి నడిచాడు. రేకుల గోడ. ఒక రేకుకు స్క్రూల తలల మీద కొత్త గీతలు. విప్పి, లోపలికొచ్చి, పని ముగించుకుని, మళ్లీ బిగించి పోయాడు. దొంగల్లో ఇంత పద్ధతి ఉన్నవాణ్ణి ఆయన చూడలేదు.

ఎదురుగా టీ కొట్టతన్ని పిలిచాడు.

"నిన్న గ్రైండర్ చప్పుడు విన్నావా?"

"ఎక్కడ సార్. పదకొండున్నర నుంచి పన్నెండుంపావు దాకా ఊరేగింపు ఈ గల్లీలనే ఉండె. డప్పులు, డీజే. పక్కోని మాట గూడ ఇనరాలే."

"ఈ రేకు ఇవాళ కోస్తారని ఎవరెవరికి తెలుసు?" సాయిశ్రీనివాస్‌ని అడిగాడు.

"వాట్సాప్ గ్రూపులో పెట్టాను సర్. శనివారం ఆరుంపావుకి. సోమవారం లెఫ్ట్ సైడ్ కటింగ్ అని, ఫోటోతో. గ్రూపులో మేడమ్, మేనేజర్ గారు, నేను. అంతే."

"బాలనర్సయ్యకి?"

"కోసేది అతనే కదా సర్."

ఆ మాట దగ్గర బసవపున్నయ్య ఒక్క క్షణం ఆగాడు. ఇవాళ తన చేత్తోనే కోసి చెత్తకుప్పలో పడేసే రేకును నిన్న దొంగతనం చేయడం దేనికి?

*

బాలనర్సయ్యను షెడ్డు బయట రేకు నీడలోకి తీసుకెళ్లాడు. వాన తుంపర పడుతోంది.

"నన్ను గుర్తుపట్టావా?"

"మిమ్ముల ఎట్ల మర్శిపోత సారూ?"

"పగ ఉందా వాళ్ల మీద?"

"ఉంది."

"ఎంత?"

"ఈ కారు ఇక్కడికొచ్చిన నాడు సుత్తె పట్టుకొని దీని సుట్టు మూడుసార్లు తిరిగిన. అద్దాలు, లైట్లు, అన్ని పలగ్గొట్టి కూసుందామనిపించింది. ఇంటికి పోయి దేవమ్మకు జెప్పిన. వద్దన్నది."

"ఏమని?"

"కారేం జేసిందని. మనిషిని పట్టుకో అన్నది." అతను నవ్వలేదు. "పదమూడేండ్లు సారూ. జూబ్లీ హిల్స్‌ల ఏ ఇంటికి పోయినా ముందల పేరడుగుతరు. ఎనక ఎవరికో ఫోన్ జేస్తరు. రేపటి నుంచి రాకు అంటరు. ఇప్పుడు ఎర్రగడ్డ మార్కెట్ల కూరగాయల గోనెలు కుడ్తది. పగ లేకుంట ఎట్లుంటది?"

"మరి ఈ పని నీది కాదని నేనెలా నమ్మాలి?"

బాలనర్సయ్య లోపలికి నడిచి, ఫియట్ ఎడమ తలుపు పట్టుకుని మూశాడు. తలుపు అంగుళం దూరంలో తట్టుకుని ఆగిపోయింది.

"ఈ కారుకు అడుగున ఛాసిస్ ఉండది. ఈ పెట్టె రేకులే దీనికి నడుము. కోసే ముందల తలుపు సందుల పైపు అడ్డంబెట్టి వెల్డింగ్ గొట్టాలె. గొట్టకుంటే బాడీ గిట్ల జారుతది. ఇంకోటి సూడుండ్రి." కోసిన అంచు మీద వేలు రాశాడు. వేలికి ఎర్రగా తుప్పు అంటింది. "కోసినంక రెడ్ ఆక్సైడ్ పెయింట్ గొట్టకుంట ఏ టింకరోడు ఇంటికి పోడు. ఈ వానలకు ఒక్క దినంల తుప్పు లేస్తది."

"కావాలనే అలా కోశాడండీ," వేంకటరమణ అందుకున్నాడు. "కారు పాడవ్వాలనేగా వాడి ఉద్దేశం."

అదీ నిజమే కావచ్చు. బసవపున్నయ్య వంగి అంచును చూశాడు. కోత నిటారుగా, శుభ్రంగా ఉంది. మిగిలిన కొస మీద, అంచును ఆనుకుని, నీలం పెన్సిల్‌తో ఒక వంపు గీత. వెనక కొస మీద కూడా అలాంటిదే మరొకటి. గీత సగంలో తెగిపోయింది. మిగతా సగం పోయిన రేకుతో పోయింది.

"ఇదేంటి?"

"ఏదో గీత సర్. పాత బండి కదా," అన్నాడు సాయిశ్రీనివాస్.

"మీరు పెన్సిల్‌తో గుర్తు పెడతారా?"

"మేం పెట్టం," అన్నాడు బాలనర్సయ్య. "నూనె, తుప్పు మీద పెన్సిలు ఆగదు. ఇనుప మొనతోటి సుక్క గొడ్తం."

బసవపున్నయ్య రెండు గీతలకూ ఫోటో తీశాడు. 11.25కి ఏసీపీ గారి ఫోన్ వచ్చింది. సాయంత్రం ఆరు లోపల నిందితుణ్ణి రిమాండ్‌కి పంపాలి. ఆయన "సరే సర్" అన్నాడు.

ఒక మనిషి పరువు ఒకసారి తీశాను. మళ్లీ అదే ఇంటిమీద రెండోసారా, అనుకున్నాడు.

బాలనర్సయ్య వైపు తిరిగాడు. "హారం పోయిన రోజుల్లో ఆ ఇంట్లో ఎవరికైనా దేవమ్మ మీద కోపం ఉండేదా?"

అతను మేనేజర్ వైపు చూసి, గొంతు తగ్గించాడు.

"నెల ముందల ఒకటైంది సారూ. ఆ మేనేజరు ఒక జూనియర్ ఆర్టిస్టు పిల్లను ఎనక రూముల ఆపిండు. ఆ పిల్ల ఏడుపు దేవమ్మ ఇన్నది. తలుపు తీసేదాక గుద్దింది. పోయి నిర్మాత పెద్దసారుకు జెప్పింది. పెద్దసారు సెట్టు మీద అందరి ముందల మేనేజరును చెంప మీద గొట్టిండు."

"ఆ మాట నాకు అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"మీరు అడిగిన్రా?" బాలనర్సయ్య ఆయన కళ్లలోకి చూశాడు. "హారం ఏడ బెట్టినవ్, హారం ఏడ బెట్టినవ్. గదొక్కటే అడిగిన్రు."



*

1.10కి జూబ్లీ హిల్స్ ఇంటికి వెళ్లాడు. వాచ్‌మన్ ఫియట్ ఇన్నాళ్లూ నిలబెట్టిన చోటు చూపించాడు. గేటు దగ్గర నుంచి ఇంటి దాకా ఎత్తు. ఆ వాలులో ఒక పక్కన రేకుల పందిరి. నేల మీద నాలుగు టైర్ల మరకలు ఇంకా ఉన్నాయి.

"ఎన్నాళ్లు ఇక్కడుంది?"

"నేను చేరినప్పటి నుంచి సార్. పద్నాలుగేళ్లు. కదల్చలేదు."

"ముక్కు ఎటు?"

"కిందికే సార్. గేటు వైపు."

చెయ్యి చాచి వాలును చూశాడు. గులకరాయి ఒకటి తీసి నేల మీద వదిలాడు. అది గేటు దాకా దొర్లింది.

2.30కి ఫిల్మ్ నగర్‌లో స్టూడియో. లీలాకుమారి కంపెనీ సినిమాకు వేసిన సెట్ విప్పుతున్నారు. నకిలీ రాజభవనం. ఒక మేస్త్రి గోడ చట్రం ముందు కూర్చుని, చెవి మీద నుంచి పెన్సిల్ తీశాడు. నీలం పెన్సిల్. కోయబోయే చోట అడ్డంగా పెద్ద 3 వేశాడు. గ్రైండర్ తీసుకుని ఆ అంకె మధ్యలోంచి కోశాడు. సగం అంకె ఇటు, సగం అటు.

గ్రైండర్‌కు వైరు లేదు. బ్యాటరీది.

బసవపున్నయ్య అక్కడే పక్కన కూర్చుండిపోయాడు.

"ఎందుకయ్యా ఆ అంకె?"

"రేపు ఇంకో షూటింగ్ ఫ్లోర్లో ఇదే అతికించాలి కదండీ. అంకె అంకెతో కలిస్తే అతుకు కుదిరినట్టే."

"పారేసేదానిక్కూడా వేస్తారా?"

మేస్త్రి నవ్వాడు. "మనం అనుకోకముందే చెయ్యి వేసేస్తదండీ. అలవాటు. మొన్న ఇంట్లో పాత మంచం కోస్తా, దానికీ వేశాను. మా ఆవిడ ఒకటే నవ్వు."

"ఎవరు నేర్పారు?"

"ఇంకెవరు, మా మేనేజర్ గారే. వేంకటరమణ గారు. ఆయన మాలాంటి సెట్ మేస్త్రీయేగా ముందు. ఇప్పటికీ చేతిలో పని ఉందండీ ఆయనకి."

"సెట్ సామాను పెట్టే గోడౌన్ ఏదైనా ఉందా ఆయనకి?"

*

సాయంత్రం 4.30. షెడ్డులో అందరూ ఉన్నారు. లీలాకుమారి అదే కుర్చీలో. వేంకటరమణ వాచీ చూసుకుంటున్నాడు.

"రిమాండ్ ఎన్నింటికండీ?" అన్నాడు.

"తొందరెందుకు. ముందు ఒకటి అతికిద్దాం."

కానిస్టేబుళ్లు ఇద్దరు గోనెసంచి విప్పారు. తుప్పు పట్టిన పొడవాటి పెట్టె రేకు. దాన్ని ఎవరో నిలువునా చీల్చారు. లోపల మట్టి, ఎలుకలు తెచ్చిన చెత్త. బసవపున్నయ్య దాన్ని ఎత్తించి ఫియట్ కింద ఖాళీలో పెట్టించాడు. టార్చి వేశాడు. నీలం గీతలు రెండు వైపుల నుంచీ వచ్చి కలిశాయి. ముందు వైపు 2. వెనక వైపు 3.

"టింకర్లు చుక్క కొడతారు. అంకె రాసి దాని మీదుగా కోసేది సెట్ మేస్త్రీలు," అన్నాడు. "ఆ రేకు మీ తమ్ముడి గోడౌన్‌లో ప్లైవుడ్ కింద దొరికిందమ్మా. తాళం ఆయన దగ్గరే ఉంటుందట."

లీలాకుమారి మెల్లగా వెనక్కి తిరిగింది. "ఎందుకురా?"

"చెత్త రేకు అక్కా." వేంకటరమణ గొంతు తడబడలేదు. "సెట్‌కి పాత రేకు కావాల్సొచ్చింది. తీశాను. దానికింత రాద్ధాంతమా?"

"సెట్ విప్పుతున్నారు, వెయ్యట్లేదు," అన్నాడు బసవపున్నయ్య. "ఇవాళ దీన్ని బాలనర్సయ్య కోస్తే, లోపల ఉన్నది బయటపడుతుంది. అందుకే నిన్న కోశారు. చీల్చి చూశారు. దొరకలేదు. ఎందుకంటే కారు పద్నాలుగేళ్లు ముక్కు కిందికి పెట్టుకుని వాలులో నిలబడింది. ఏది పడినా ముందుకే జారుతుంది. మీరు కోసిన చోటు దాటి."

బాలనర్సయ్య వైపు చూశాడు. "ముందు మూల కోయవయ్యా."

బాలనర్సయ్య గ్రైండర్ తీసుకోలేదు. ముందు ఇనప పైపు తెచ్చాడు. తలుపు సందులో కొలత చూసి, అడ్డంగా పెట్టి, రెండు వైపులా వెల్డింగ్ కొట్టాడు. పదిహేను నిమిషాలు. వేంకటరమణ చెమట తుడుచుకోవడం అందరూ చూశారు.

తర్వాత కోశాడు. నిప్పురవ్వలు నేల మీద చిమ్మాయి. రేకు మూత వంచి, వంకర తీగ లోపలికి పెట్టి లాగాడు. మట్టి ఉండ ఒకటి వచ్చింది. గుప్పిట్లో నలిపాడు.

మట్టిలోంచి ఎర్రటి రాయి ఒకటి మెరిసింది. తర్వాత ఇంకొకటి.

లీలాకుమారి లేచి నిలబడింది.

బాలనర్సయ్య ఒక చేతిలో హారం, మరో చేతిలో తిరుగుతున్న గ్రైండర్‌తో వేంకటరమణ ముందుకు నడిచాడు. కానిస్టేబుల్ కదిలాడు. బసవపున్నయ్య ఆపాడు. తర్వాత అనేకసార్లు తనను తాను ప్రశ్నించుకున్నాడు, ఎందుకు ఆపానని. ఆ క్షణంలో ఆయనకు అది ఆ మనిషికి చెందిన క్షణంలా అనిపించింది.

చక్రం వేంకటరమణ ముఖానికి జానెడు దూరంలో తిరిగింది. అతను గోడకు అంటుకుపోయాడు.

"చెప్పు," అన్నాడు బాలనర్సయ్య. "మా ఆడిమనిషి పేరు పెట్టి చెప్పు."

"దేవమ్మ... దేవమ్మ తియ్యలేదు."

"ఎవరు దీసిండ్రు?"

"నేనే." మాట పగిలింది. "వంటమనిషి మాట మీద నలభై మంది ముందు చెంపదెబ్బ తిన్నాను. దాన్నీ నలుగురిలో నిలబెడదామనుకున్నా. తీసి, ఈ కారు తలుపు పక్క స్తంభంలో సందు ఉంటే పడేశా. మర్నాడు దాని గుడిసెలో పెడదామని. జారి కిందికి పోయింది. కోస్తే గాని రాదు. ఎలా కొయ్యను, ఇంట్లో అందరూ ఉండగా?"

బాలనర్సయ్య స్విచ్ కట్టేశాడు. చక్రం తిరిగి తిరిగి ఆగింది.

"ముందల పైపు కొట్టి కొయ్యాలె," అన్నాడు. "గది గూడ తెల్వదు నీకు."

హారాన్ని లీలాకుమారి చాచిన చేతిలో పెట్టలేదు. ఆమె కాళ్ల ముందు సిమెంటు నేల మీద వదిలాడు. "మీదే. మీ ఇంట్ల మనిషే దాసిండు."

ఆమె వంగలేదు. తమ్ముణ్ణి చాలాసేపు చూసింది. "తీసుకెళ్లండి వీణ్ణి," అంది. "అడ్డం పడను."

*

మంగళవారం పొద్దున గుడి నుంచి నేరుగా ఎర్రగడ్డ వెళ్లాడు. మార్కెట్ వెనక గల్లీలో ఒంటి గది. దేవమ్మ గడపలో కూర్చుని గోనెసంచి కుడుతోంది. జుట్టు తెల్లబడింది. ఆయన్ని చూసి లేవలేదు.

"మీ ఆయన చెప్పాడా అమ్మా?"

"జెప్పిండు. పేపర్ల గూడ వచ్చిందట."

"తప్పు నాది."

"తప్పు సంగతి ఇడువుండ్రి సారూ." దబ్బనం సంచిలో గుచ్చి పక్కన పెట్టింది. "నేనొక కాయితం అడిగిన. గుర్తున్నదా?"

ఆయనకు గుర్తుంది. రెండో రోజు సాయంత్రం, స్టేషన్ మెట్ల మీద. నా మీద రుజువు లేదని ఒక కాయితం రాసియ్యుండ్రి సారూ, వేరే ఇండ్లల్ల చూపిస్త అంది. రేపు రా అన్నాడు.

"మూడుసార్లొచ్చిన," అంది దేవమ్మ. "మూడుసార్లు మీరు బయటికి పోయిన్రన్నరు. మూడోసారి మీ బండి అక్కడే ఉండె."

బసవపున్నయ్య గడప పక్కన నేల మీద కూర్చున్నాడు. తన చేతిసంచిలోంచి తెల్లకాగితం, స్టాంపు, ప్యాడ్ తీశాడు. తీరిగ్గా, పిల్లాడు కాపీ రాసినట్టు రాశాడు. చదివి వినిపించాడు. దేవమ్మ ఏ దొంగతనమూ చేయలేదనీ, ఆనాడు ఆమెను అనుమానించడం పొరపాటనీ.

"ఆని పేరు లేదేంది?"

"కోర్టు ఇంకా..."

"నా పేరు రాసేటప్పుడు కోర్టు అయిందా సారూ?"

ఆయన పెన్ను మళ్లీ తీశాడు. హారం తానే దాచినట్టు వేంకటరమణ అందరి ముందు ఒప్పుకున్నాడని కింద రాశాడు. సంతకం పెట్టి, స్టాంపు వేసి, రెండు చేతులతో అందించాడు.

"ఆలస్యమైంది అమ్మా."

"అయింది," అంది.

ఫరవాలేదని అనలేదు. ఆయన కూడా ఆ మాట ఆశించలేదు.

ఆమె లోపలికి వెళ్లి మంచి చీర కట్టుకుని వచ్చింది. కాయితం నాలుగు మడతలు పెట్టి కొంగున ముడేసింది. తలుపుకు గొళ్లెం పెట్టింది.

"ఎక్కడికి?"

"జూబ్లీ హిల్స్‌ల తొమ్మిదిండ్లు నన్ను ఎల్లగొట్టినయ్ సారూ. ఒక్కొక్క ఇంటి ముందల నిలబడి సదివిపిస్త." చెప్పులేసుకుని గల్లీలోకి దిగింది. "ఇయ్యాల నాలుగన్న అయితయ్."